అమావాస్య పడుగు

దండెపాలెంలో తెల్లారిందని చెప్పేది కోడి కాదు. ఊరికి తూర్పున, జీడిమామిడి తోపులు అయిపోయి సముద్రపు ఇసుక మొదలయ్యే చోట, మగ్గాల దొడ్డిలో తొలి దెబ్బ పడాలి. అది విన్నాకే ఆడవాళ్లు కళ్లాపి చల్లుతారు, మగవాళ్లు వేపపుల్ల విరుచుకుంటారు. చీరాల పాసింజరు ఏ రోజన్నా ఆలస్యంగా వస్తుందేమో గానీ, దొడ్డిలో దెబ్బ ఆలస్యమైన పొద్దు నా డెబ్బై ఆరేళ్లలో ఒక్కటి లేదు. అమావాస్యలు తప్ప. అమావాస్య నాడు మగ్గానికి సెలవు.

మగ్గాల దొడ్డంటే మా నేతవాళ్ల శ్మశానం. అంతటి శ్మశానం ఇటు గుంటూరు నుంచి అటు నెల్లూరు దాకా లేదు. ఉందన్నవాణ్ణి నా ముందుకు తీసుకురండి, మాట్లాడతాను. మేం పోయినవాళ్లని పడుకోబెట్టం. మగ్గం గుంటలో ఎలా కూర్చుంటాడో అలాగే, కాళ్లు కిందికి దించి కూర్చోబెట్టి పూడుస్తాం. పదేళ్లు నిండకముందే గుంటలోకి దిగినవాడికి ఇంకో రకంగా కూర్చోవడం ఎక్కడ తెలుస్తుంది? ఆ మనిషి మగ్గం మీద నిలువునా సాగి ఉన్న దారాల్ని, అంటే పడుగుని, ఎంత మిగిలితే అంత చుట్టచుట్టి ఒళ్లో పెడతాం. మూడో రోజు పాలు పోసి వస్తాం. నాలుగో రోజు నుంచి కింద నేత మొదలవుతుంది.

కిందవాళ్ల నేత బహు నిదానం. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య తమలపాకులు వేసుకుని తీరిగ్గా నమలొచ్చు. నాలుగు చీరల పడుగు ఒళ్లో పెట్టుకుని పోయినవాడు ముప్పై ఏళ్లు నేస్తాడు. అడ్డంగా వేసే నూలు వాళ్లకి ఎక్కడ్నించి వస్తుందని చీరాల కాలేజీ కుర్రాడొకడు అడిగాడు. బతికున్నవాళ్లకి ఎక్కడ్నించి వస్తోందో ముందు నువ్వు చెప్పు అన్నాను. మళ్లీ నోరెత్తితే ఒట్టు.

పడుగు అయిపోయిన రోజు దెబ్బ ఆగిపోతుంది. ‘బట్ట దిగింది’ అంటాం. ఆ ఇంట్లో పాయసం వండుతారు. పోయినవాడి కంచంలో మొదటి గరిటె వేసి, మిగతాది ఊరికి పంచుతారు. ఆ కంచం కడిగి అటక మీద బోర్లిస్తారు. ఇక ఆ మనిషి వెళ్లిపోయినట్టే. బోర్లించిన కంచాన్ని మళ్లీ ఎవరూ తీయరు. అందుకని మా ఊళ్లో మగవాడికి కోరిక ఒకటే ఉండేది, మగ్గం మీద నిండు పడుగుండగా కన్ను మూయాలని.

భావనారాయణకి ఆ కోరిక తీరే దారి మూసుకుపోయి మూడేళ్లయింది.

ఆయన సామాన్యుడనుకునేరు. వయసులో ఉండగా ఒక్క పగట్లో మూడు చీరలు దించాడు, నేను కళ్లారా చూశాను. ఆయన పోగుని దగ్గరికి కొట్టే పలక గుంజి గట్టిగా ఒక్క దెబ్బ వేస్తే చీరాల స్టేషన్లో గార్డు ఇంజను కదిలిందనుకుని పచ్చజెండా ఊపాడు. చిన్నప్పుడు ఎడమకాలి బొటనవేలు విరిగి వంకరగా అతుక్కుంది. అందువల్ల తొక్కుడు ఒక పిసరు వెనకబడి, దెబ్బ టక్కుమని కాకుండా ట-టక్కుమని పడేది. మూడొందల మగ్గాలు ఒక్కసారి మోగుతున్నా ఆ కుంటి దెబ్బని ఆయన భార్య వెంకటేశ్వరమ్మ చెరువు కట్ట మీద నుంచి పోల్చుకునేది.

అలాంటి చేతులకి పని లేకుండా పోయింది. తొంభై ఎనిమిదిలో నూలిచ్చే షావుకారు మరమగ్గాలు పెట్టాడు. మూడొందల మగ్గాల ఊళ్లో పంతొమ్మిది మిగిలాయి. పోయినవాళ్లకి పనుంది, ఉన్నవాళ్లకి లేదు. అయినా భావనారాయణ రోజూ పొద్దున్నే ఖాళీ మగ్గాన్ని తడిగుడ్డతో తుడిచి, గుంటలోకి దిగి, కాఫీ అక్కడే తాగేవాడు. దొడ్డిలో వాళ్ల నాన్న దెబ్బ పడితే కాలు దానంతటదే కదిలేది. వెంకటేశ్వరమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయి, సాయంత్రం మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని ఆయన ఎదురుగా కూర్చునేది.

“నేనిట్లాగే పోతే ఒళ్లో ఏం పెడతావే?” అన్నాడొకరోజు.

“నా పెళ్లి చీర ఉందిగా. దారాలు ఊడదీసి పెడతాను.”

“నేసినదాన్ని మళ్లీ ఎవరు నేస్తారే?”

ఊళ్లో ఆ సరికే ముగ్గురు ఒట్టి ఒళ్లతో పోయారు. నాలుగో రోజున వాళ్లవాళ్లు సమాధికి చెవులానించి పొద్దుగూకేదాకా కూర్చుని, లేచి వచ్చేశారు. పాయసం ఎప్పుడు వండాలో కూడా తెలియలేదు వాళ్లకి.

రెండువేల ఒకటిలో లక్ష్మీకాంత్ అనే కుర్ర ఆఫీసరు జీపులో దిగాడు. దర్శనీయ స్థలాల ఆఫీసట. దొడ్డికి దారి చూపించింది నేనే, నేను లేకపోతే ఈపాటికి జీపు ఇసుకలో కూరుకుపోయి ఉండేది. ఆ కుర్రాడు ఒక సమాధికి చెవి ఆనించి గంటసేపు కదల్లేదు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఈ చోటు ప్రపంచం చూడాలి అన్నాడు. మాకూ ఛాతీ ఉబ్బింది.

ఆరు నెలల్లో ఇనప కంచె, సిమెంటు బెంచీలు, టిక్కెట్ల గది. సైకిలు షాపు జాన్ బాషాని ఆ గదిలో కూర్చోబెట్టారు. బయటివాళ్లకి పది రూపాయలు, ఊరివాళ్లకి రెండు. దొడ్డిలోకి చెప్పులతో పోకూడదన్న మా పద్ధతి బోర్డెక్కింది, చెప్పులు దాచే బల్ల కూడా వచ్చింది. గుంటూరు నుంచి, బెజవాడ నుంచి బస్సుల్లో జనం. సమాధులకి చెవులు ఆనించేవాళ్లు, ఫొటోలు దిగేవాళ్లు, గేటు బయట మిరపకాయ బజ్జీలు తినేవాళ్లు. పెద్దల రోజున వాళ్ల నాన్నకి నీళ్లు వదలడానికి భావనారాయణ రెండు రూపాయలిచ్చి లోపలికెళ్లాడు. కొత్తగా పోయినవాళ్లని మాత్రం ఇక మీదట కంచె బయటే పెట్టాలన్నారు.

మరుసటేడు మాఘంలో హైదరాబాదు నుంచి పెద్దాఫీసర్లు, ఢిల్లీ నుంచి ఇద్దరు వస్తారని కబురొచ్చింది. వాళ్లు విని ఊఁ అంటే దొడ్డి పేరు పెద్ద జాబితాలోకి ఎక్కుతుందట. పందిరి వేశారు, దారికి కంకర పోశారు. ఇంకో నాలుగు రోజులుందనగా జాన్ బాషా తల గోక్కుంటూ లక్ష్మీకాంత్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. “సార్, ఆ రోజు అమావాస్య. లోపల ఒక్క మగ్గం పలకదు.”

ఆఫీసు క్యాలెండర్లో ఇంగ్లీషు తేదీలే ఉన్నాయి. ఢిల్లీ వాళ్ల ప్రయాణం మారదు. లక్ష్మీకాంత్ ఊరంతా తిరిగాడు. దొడ్డిలో ఒక గుంట తవ్వి, పైన సమాధిలా కట్టి, లోపల మగ్గం పెడతాం, ఎవరన్నా రెండు గంటలు నేయండి అని బతిమాలాడు. అమావాస్య నాడు ఎవడు నేస్తాడు? మా ఊళ్లో తాగుబోతు కూడా ఆ రోజు అడ్డపోగు విసిరే నాడె ముట్టడు. అందరూ తలుపులేసుకున్నారు. చివరికి భావనారాయణ ఇంటికొచ్చాడు. ఆయన గుంటలో కూర్చునే విన్నాడు.

“ఎంత కావాలో చెప్పండి తాతగారూ.”

“డబ్బు వద్దు బాబూ. పడుగివ్వు.”

“అంటే?”

“రెండు చీరల పడుగు. నువ్వన్న రెండు గంటల్లో జానెడు నేస్తానేమో. మిగిలింది నాది. ఇంటికి తెచ్చి ఈ మగ్గానికి ఎక్కించుకుంటాను. నేను పోయేదాకా దాన్ని ముట్టను.”

ఆయన ఇంకేదో అడుగుతాడని లక్ష్మీకాంత్ ఎదురుచూశాడు. ఆయన ఇంకేం అడగలేదు.

వెంకటేశ్వరమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అమావాస్యండీ, అమావాస్యండీ అని అదే మాట. భావనారాయణ మాత్రం మూడేళ్ల తర్వాత ఆకలితో తిన్నాడు. “పదిహేనేళ్లు నేసే పడుగే. నువ్వు పొద్దున్నే కళ్లాపి చల్లుతూ నా దెబ్బ వినొచ్చు. ఒక్క అమావాస్యకి కిందవాళ్లు కళ్లు మూసుకుంటారులే.”

ఆ గుంట తవ్వింది నేనే. నలుగురు రోజంతా తవ్వే గుంటని ఒక్కణ్ణి, కాఫీ చల్లారేలోపు తవ్వేశాను. గోడలు ఎంత నున్నగా దిగాయంటే మేస్త్రీ వచ్చి తాపీ వేశారా అని అడిగాడు. ఆ పని ఎందుకంత బాగా చేశానా అని ఇప్పుడు అనిపిస్తుంది.

అమావాస్య పొద్దున దొడ్డి చెవులు పోయినంత నిశ్శబ్దంగా ఉంది. ఆఫీసర్లు దండలు వేయించుకుని, చెప్పులు విప్పి లోపలికొచ్చారు. భావనారాయణ అప్పటికే లోపలున్నాడు. పక్కన చిన్న కన్నం గుండా గాలి పోతుంది. మొదటి దెబ్బ పడింది. ట-టక్. ఢిల్లీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడేళ్లు కట్టేసిన ఎద్దుని పొలంలో వదిలినట్టు నేశాడు. కంచెకి కట్టిన ఇనప తీగ మోగింది. బజ్జీల మూకుట్లో నూనె కదిలింది. రెండు గంటలన్నది మూడయింది, పెద్దాఫీసర్లు బెంచీల మీద నుంచి లేవలేదు.

వాళ్లు కార్లెక్కబోతుండగా వెనకవైపు నుంచి ఆయన్ని పైకి లాగాను. చెమటలో తడిసి ఉన్నాడు. యాభై ఏళ్లు తగ్గినట్టున్నాడు. బిందె దగ్గర వంగి చేతులు కడుక్కుంటుంటే, ఆయన బయటికొచ్చిన సమాధిలో దెబ్బ పడింది.

ట-టక్.

కాసేపటికి ఇంకోటి. చేతుల మీద నీళ్లు పోస్తున్న వెంకటేశ్వరమ్మ చెంబు దించింది. అమావాస్య నాడు ఉన్నవాడూ నేయడు, పోయినవాడూ నేయడు. గుంటలో కూర్చుని నేసినవాణ్ణి ఎటు వేయాలో కిందవాళ్లకీ తెలియలేదు కాబోలు, తమలో కలుపుకున్నారు.

“దింపి పడుగు తీసుకొచ్చెయ్ రా,” అన్నాడు నాతో. గొంతు మామూలుగానే ఉంది.

పార తీసుకున్నాను. లక్ష్మీకాంత్ అడ్డం నిలబడ్డాడు. పెద్దవాళ్లు సంతకాలు పెట్టి వెళ్లారు, ఇప్పుడు దొడ్డిలో ఇటుక కదపాలన్నా పైనుంచి కాగితం రావాలి, రాగానే తీయిస్తాను అన్నాడు. వారానికల్లా నల్లరాతి పలక వచ్చింది. ‘దండ భావనారాయణ, నేతకారుడు’. దాని కింద పుట్టిన ఏడు, పోయిన ఏడు. ఆఫీసు నమూనాలో రెండు గళ్లున్నాయి, ఒకటి ఖాళీ పెడితే ఫైలు తిరిగొస్తుంది. అందుకని రెండో గడిలో ఆ ఏడే రాశారు.

మాట తప్పకూడదని లక్ష్మీకాంత్ ఇంకో పడుగు కొని స్వయంగా ఇంటికి తెచ్చాడు. మొదటిదానికన్నా మంచి నూలు. భావనారాయణ దాన్ని చెంపకి ఆనించుకుని చూసి వెనక్కి చాపాడు.

“ఒక మనిషికి కింద ఒకటే పడుగు బాబూ. నాది నడుస్తోంది. ఇది నేనేం చేసుకోను?”

దాన్ని పక్కింటి యలమందయ్యకిచ్చాడు. ఆయన మగ్గమూ ఖాళీదే. యలమందయ్య దాన్ని ఎక్కించుకుని, రోజూ చూసుకుని మురిసి, చైత్రంలో హాయిగా పోయాడు. కంచె బయటే పెట్టారు. ఇప్పటికీ నేస్తున్నాడు, వెళ్లి వినండి, టిక్కెట్టు కూడా అక్కర్లేదు.

భావనారాయణ మగ్గం అలా కాదు. ఊపిరున్న మనిషి మొదలుపెట్టింది కదా, కిందవాళ్ల నిదానం దానికి రాలేదు. గుటక వేసేలోపు ఒక దెబ్బ. పైగా అమావాస్య నాడు మొదలైంది గనక అమావాస్యా ఆగదు. మిగతా దొడ్డంతా నిశ్శబ్దంగా ఉన్న రోజున అదొక్కటే మోగుతుంటే వినడానికి జనం విరగబడ్డారు. అమావాస్యకి ప్రత్యేకం బస్సులు వేశారు. ఆ ఒక్క రోజన్నా గేటు మూయించు బాబూ, నలుగురూ చెవులు తీస్తే అది కూడా సెలవు తీసుకుంటుందేమో అని భావనారాయణ అడిగాడు. లక్ష్మీకాంత్ పైకి రాశాడు. జవాబు రాలేదు. రాసిన మాట నిజం, నకలు నాకు చూపించాడు.

అప్పట్నించి ఆయన రోజూ రెండు రూపాయలిచ్చి లోపలికెళ్లేవాడు. జాన్ బాషా వద్దన్నా పెట్టేవాడు. తన సమాధి పక్కన బెంచీ మీద కూర్చుని తల వంచి వినేవాడు. నేతగాడికి దెబ్బని బట్టి పడుగెంతుందో తెలుస్తుంది. దారాలు ఎక్కువుంటే దెబ్బ మెత్తగా పడుతుంది, తరిగేకొద్దీ పొడిబారుతుంది. సాయంత్రం ఇంటికొస్తే వెంకటేశ్వరమ్మ మంచినీళ్లిచ్చి అడిగేది.

“ఎందాకా వచ్చింది?”

“మొదటి చీర కొంగు.”

వైశాఖంలో, రెండో చీర అంచు ఎక్కాడన్నాడు. ‘ఎక్కాడు’ అన్నాడు, ‘ఎక్కాను’ అనలేదు. ఆమె అది విన్నది, సరిచేయలేదు.

ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి కెమెరా ఆయన చేతికిచ్చి, ఈ సమాధి పక్కన మాకో ఫొటో తీయండి తాతా అంది. తీశాడు. పలక మీద పేరు చదివి ఆ పిల్ల అడిగింది. “ఈయన మీకు తెలుసా?”

“తెలుసమ్మా.”

“ఏమవుతారు?”

“దగ్గరివాడే.”

“భలే నేస్తున్నాడు,” అందా పిల్ల. ఆయన మొహం ఒక్క క్షణం వెలిగింది, నేను పక్కనే ఉన్నాను. వాళ్లు పోయాక చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

ఆషాఢంలో వెంకటేశ్వరమ్మ మిరప కూలి మానేసింది. ఆవిడా వెళ్లి బెంచీ మీద కూర్చునేది. పెళ్లయిన కొత్తల్లో ఆయన నేస్తుంటే గుంట పక్కన కూర్చుని రాట్నం తిప్పుతూ విన్న దెబ్బ అదే. కళ్లు మూసుకుని వినేది. కళ్లు తెరిస్తే మనిషి పక్కన ఉండేవాడు, ఖాళీ చేతులతో.

శ్రావణంలో ఒక మంగళవారం. గేటు దగ్గర రెండు బస్సులున్నాయి. పదకొండు దాటాక భావనారాయణ తల ఎత్తాడు. “కొంగు అయిపోవచ్చింది,” అన్నాడు. దెబ్బలు ఎండు కొబ్బరి చిప్పలు కొట్టినట్టున్నాయి. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన కాలి వంకర వేలు ఇసుకలో ప్రతి దెబ్బకీ కదులుతోంది. తర్వాత కదలడం ఆగింది.

చెవులు ఆనించి ఉన్న జనం లేచి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పది రూపాయలు తిరిగివ్వమని ఎవరో జాన్ బాషాతో గొడవ పెట్టుకున్నారు. జాన్ బాషా జేబులోంచి తీసి ఇచ్చేసి, కిటికీ మూసి, చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. భావనారాయణ ఎదురుగా నిలబడి తలకి రుమాలు కట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక భావనారాయణ అరుగు మీద కూర్చున్నాడు. “పాలు తెప్పించు,” అన్నాడు.

“నేను వండను.”

“వండాలే.”

“ఎదురుగా ఉన్న మనిషికి ఎట్లా వండనండీ?”

“బట్ట దిగిందే. రెండు చీరలు, పోగు తెగకుండా. ఊరికి చెప్పకపోతే ఎట్లా? రేపు నేను పోతే కింద ఏమీ వినపడదు. వండడానికి నీకు వేరే రోజు రాదు.”

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. తర్వాత పొయ్యి వెలిగించింది. సాయంత్రానికి ఊరంతా వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఓదార్చలేదు, బట్ట దిగిన ఇంటికి ఎలా వస్తారో అలాగే వచ్చి వరసలో కూర్చున్నారు. ఆమె ఆయన ఇత్తడి కంచం తెచ్చి మొదటి గరిటె అందులో వేసి, ఎక్కడ పెట్టాలో తెలియక ఆగింది. పోయినవాడి కంచాన్ని మగ్గం గుంట ఒడ్డున పెడతారు. ఆయన లేచి, లోపలికెళ్లి, గుంటలోకి దిగి కూర్చుని, చెయ్యి చాపాడు. ఆమె ఆ కంచం ఆయన చేతికిచ్చింది. అంతా తిన్నాడు. బాగుందే అన్నాడు. పాయసం పందెంలో పదహారు గిన్నెలు తాగినవాణ్ణి నేను, మూడు జిల్లాల్లో నన్ను గెలిచినవాడు లేడు. ఆ రోజు ఒక్క గరిటె దిగలేదు.

అందరూ వెళ్లాక ఆమె కంచం బూడిదతో తోమింది. మళ్లీ తోమింది. గుడ్డతో తుడిచి, పట్టుకుని వంటింట్లో నిలబడింది. గుంటలోంచి ఆయన అటువైపే చూస్తున్నాడు. ముక్కాలి పీట వేసుకుని, ఎక్కి, అటక మీద దాన్ని బోర్లించింది.

మర్నాడు పొద్దున దొడ్డిలో వాళ్ల నాన్న దెబ్బ పడింది. ఆమె కళ్లాపి చల్లి, పెరట్లో అరిటాకు కోసుకొచ్చి, కడిగి, ఆయన ముందు వేసింది.

ఆ తర్వాత ఆయన ఐదేళ్లు బతికాడు. ఐదేళ్లూ ఆకులోనే తిన్నాడు.